గడప దాటని తనిఖీ

నా ఉద్యోగం చివరి ఏడాదిన్నర ఆరంభంలో నాకు జరిగిన అన్యాయాలను ముందుగా తేదీలవారీగా పొందుపరుస్తున్నాను. ఇవన్నీ ఏ రోజువి ఆ రోజే నా డైరీలో రాసుకున్నవి.

జనవరి 6. పుంగనూరు ఆఫీసులో, నేను అడగకుండానే నా కుర్చీలో దూది దిండు ప్రత్యక్షమైంది. ఎవరు పెట్టారని విచారించగా అందరూ నవ్వారు. బాధ్యత ఎవరూ స్వీకరించలేదు.

జనవరి 19. అందరికీ నిండు గ్లాసు టీ, నాకు సగం. కారణం అడగగా అటెండరు ఇచ్చిన జవాబు: "మీరు ఒలికిస్తారు గదా సార్, ఆ సగం నేల తాగేదానికన్నా నేను తాగితే మేలు గదా."

ఫిబ్రవరి 2. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సులో, డాక్టరు సలహా ప్రకారం ఒంటి నిలకడ కోసం కావాలనే నిలబడి ఉన్న నన్ను ముగ్గురు ప్రయాణికులు రెక్కలు పట్టి సీట్లో కూలేశారు. వద్దన్నందుకు ఒకామె "పెద్దాయనకు పొగరు సూడు" అన్నది. టికెట్టు నా దగ్గర భద్రంగా ఉంది.

ఫిబ్రవరి 23. నా చేతిరాత చీమలంత అయిందన్న నెపంతో ఒక సహోద్యోగి నా టూరు డైరీని గుండ్రటి అక్షరాలతో తిరగరాశాడు. నేను రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లిన చోట 'జీపులో వెళ్లితిని' అని రాశాడు.

మార్చి 11. నా ఆరోగ్యం దృష్ట్యా నన్ను ఫీల్డు పని నుంచి తప్పించి కుప్పం ఆఫీసులో రికార్డుల గదిలో కూర్చోబెట్టాలని ప్రతిపాదన తయారైంది. ఇల్లు మదనపల్లెలో ఉన్నవాడి విశ్రాంతి కోసం రెండు బస్సుల అవతల కుర్చీ వెతికిన ఆ బుర్రకు నా నమస్కారం.

ఈ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇది చదివి, ఇవన్నీ ఉపకారాలే గదా అనుకోవచ్చు. అదే నా బాధ. అపకారం చేసినవాడి మీద పైఅధికారికి రాసుకోవచ్చు. ఉపకారానికి అప్పీలు లేదు.

నేను పట్టుపరిశ్రమ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మల్బరీ తోటలు, పురుగుల షెడ్లు తిరిగి చూడటం, రైతుకు చెప్పవలసింది చెప్పడం, చెప్పినదాన్ని రిజిస్టరులో రాయడం నా పని. యాభై ఎనిమిదో ఏట నా ఎడమచేతి బొటనవేలు నా అనుమతి లేకుండా కదలడం మొదలుపెట్టింది. మదనపల్లెలో ఒక డాక్టరమ్మ నన్ను ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించి, వేళ్లు తట్టించి, ఒక వాక్యం రాయించి, పార్కిన్సన్ జబ్బు అని తేల్చింది.

"తగ్గుతాదా అమ్మా?" అని అడిగాను.

"తగ్గదప్పా. నీతోనే ఉంటాది. అది నిన్ను కూసోబెట్టకుండా నువ్వే దాన్ని తిప్పుకోని తిరగాల. మాత్ర సగం పని చేస్తాది, మిగతా సగం నీ కాళ్లూ చేతులూ చెయ్యాల. దినామూ నడువు. పెద్దగా చదువు. పెద్ద అక్షరాలు రాయి. కుర్చీకి అలవాటు పడినావంటే మళ్లీ లేపేది నా వల్ల కాదు."

ఈ మాటలన్నీ అక్కడే కాగితం మీద రాసి, చదివి వినిపించి, కింద సంతకం పెట్టమన్నాను. ఆమె నవ్వుతూ పెట్టింది. నా సర్వీసులో అడగ్గానే సంతకం పెట్టిన పెద్ద చదువుల మనిషి ఆమె ఒక్కతే.

కాబట్టి కుప్పం కుర్చీ నాకు ఒక బదిలీ మాత్రమే కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఉద్యోగ విరమణ నాటికి నన్ను లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. తోటల్లో తిరిగితే నా అంతట నేను లేచి ఇంటికి పోతాను. నేను పోట్లాడింది దీని కోసం.

డాక్టరమ్మ ఆజ్ఞలను అక్షరాలా పాటించాను. గొంతు సన్నబడకుండా రోజూ ఉదయం మిద్దె మీద నిలబడి ఏదో ఒకటి బిగ్గరగా చదవాలి గదా, నా ఫిర్యాదులే చదివేవాణ్ణి. పక్కింటాయన పళ్లు తోముకుంటూ "ఈ పొద్దు ఎవురి మీద సార్?" అని అడిగేవాడు. ఆఫీసులో మా జీపు డ్రైవరు నాకు తోడు. అతనికి చక్కెర వ్యాధి. జీపును ఊరి బయటే ఆపించి ఇద్దరం నడిచేవాళ్లం. నా అడుగులు అతను లెక్కపెట్టేవాడు, అతను దొంగతనంగా తిన్న మైసూరుపాకులు నేను లెక్కపెట్టేవాణ్ణి.

ఈ జబ్బుకు ఒక వింత అలవాటు ఉంది. మల్బరీ సాళ్ల మధ్య నా నడకకు లోటు లేదు. మొక్కకొక అడుగు చొప్పున కాళ్లు బుద్ధిగా పోతాయి. ఇరుకైన వాకిలి ఎదురైతే మాత్రం పాదాలు నేలకు అతుక్కుపోతాయి. పురుగుల షెడ్లకు ఈగలు చొరబడకుండా చిన్న వాకిళ్లే పెడతారు. పైగా ఈ జబ్బు ముఖాన్ని కూడా బిగదీస్తుంది. నవ్వు రాదు, రెప్ప త్వరగా పడదు, గొంతు పెగలదు. ఇక ఊహించండి. గడప ముందు ఒక ప్రభుత్వోద్యోగి రెప్ప వాల్చకుండా, కదలకుండా, మెదలకుండా లోపలికి చూస్తూ నిలబడ్డాడు. లోపల రైతు ఉన్నాడు.

మొదటిసారి ఇలా జరిగింది పుంగనూరు దగ్గర ఒక పల్లెలో. రైతు నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. వేరే దిక్కు చూడటానికి మెడ తిరగలేదు. కాసేపటికి అతని ముఖం పాలిపోయింది.

"తెలిసిపోయిందా సార్?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయాను.

"నాలుగో జ్వరంలో సున్నం సల్లలేదు సార్. సున్నం ఉండాది. సోమరితనం. ఇంగ సెయ్యను."

జ్వరం అంటే పురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తుకుని, కదలకుండా ఉండే సమయం. అప్పుడు దాన్ని కదిలించకూడదు, పైన సున్నం పొడి చల్లాలి. ఈ మాట ముప్పై నాలుగేళ్లు నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. చల్లారా అని అడిగితే చల్లామనేవారు. ఇప్పుడు అడగకుండానే నిజం చెబుతున్నారు.

డ్రైవరు నా కాలి ముందు సున్నంతో అడ్డంగా ఒక గీత గీసి "దాటు సార్" అన్నాడు. తనంత తానుగా లేవని కాలు గీత కనిపిస్తే దాటుతుంది. ఈ కిటుకు మేమిద్దరం కనిపెట్టినదే. ఆనాటి నుంచి అతని జేబులో సున్నం పొట్లం ఉండేది.

"నీ నోటికి బయపడనోళ్లు నీ కాళ్లకు బయపడతాండారు సార్" అన్నాడు జీపులో.

నేను నీతిమంతుణ్ణని చెప్పుకొనే హక్కు ఇక్కడితో పోగొట్టుకున్నాను. ఆ తర్వాత కూడా ఎవరికీ అసలు కారణం చెప్పలేదు. పైగా ఒక నోటు పుస్తకం ప్రత్యేకంగా పెట్టి, గడప దగ్గర వెలువడిన ఒప్పుకోళ్లను వరుస సంఖ్య వేసి రాసుకున్నాను. మొత్తం నలభై ఒకటి. అందులో ఇరవై ఆరో నంబరు, తమ్ముడి పొలం హద్దురాయి రెండు అడుగులు జరిపినట్టు ఒక పెద్దమనిషి చేసిన ఒప్పుకోలు. అది మా శాఖ పరిధిలోకి రాదని అతనికి తర్వాత తెలియజేశాను.

ఆడవాళ్లు మాత్రం త్వరగా కనిపెట్టారు. ఒక ఊళ్లో నేను ఆగిపోగానే ఒక ముసలామె కోడల్ని గదిమింది: "కదిలించొద్దు మే, సార్ జ్వరానికి కూసున్నాడు. లేస్తానే ఆకు ఎయ్యి."

ఇక అసలు తనిఖీ జరిగిన రోజు. కుప్పం ప్రతిపాదన మీద సంతకం పెట్టవలసిన అధికారి, నా పనితీరు స్వయంగా చూశాకే నిర్ణయిస్తానన్నాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, మర్యాదస్తుడు. మదనపల్లె, పుంగనూరుల మధ్య ఒక పల్లెకు వెళ్లాం. చుట్టూ టమాటా తోటలు, మధ్యలో ఒక ఎకరం మల్బరీ. షెడ్డులో పురుగులు ఐదో దశలో ఉన్నాయి. ఇంకో మూడు రోజులు బాగా మేస్తే గూడు కడతాయి. ఆ ఇంటి ఇల్లాలే పురుగులు మేపుతుంది. అధికారికి చూపిద్దామని పొద్దుటి మేత వేయకుండా ఆకు బుట్ట పక్కనే పెట్టుకుని కూర్చుంది.

డ్రైవరు తెల్లవారకముందే ఆ ఊరికి వెళ్లి, గడప ముందు సున్నం గీత గీసి వచ్చాడు. మా పథకంలో లోపం లేదు. కానీ మేం చేరేసరికి గడప తళతళ మెరుస్తోంది. గీత లేదు.

"ఎవురో మా వాకిట్లో తెల్లంగా గీసిపోయినారు సార్" అన్నది ఆమె. "సేతబడేమో అని పేడనీళ్లతో కడిగేసినా."

డ్రైవరు తల పట్టుకున్నాడు. నా పాదాలు అతుక్కుపోయాయి. వెనక అధికారి నిలబడి ఉన్నాడు. అతను గడియారం చూసుకున్న చప్పుడు నాకు వినిపించిందంటే మీరు నమ్మరు.

"ఏమైందండీ?" అన్నాడతను.

నేను లోపలికి చూస్తూనే ఉన్నాను. ఇల్లాలు నన్ను చూసింది.

"అట్ల సూడొద్దు సార్. మా మామ మొన్న లోపల బీడీ తాగినాడు. నేను తిట్టినా."

నేను కదల్లేదు.

"మా సిన్నత్త సావింటికి పోయొచ్చి కాళ్లు కడగకుండా లోపలికొచ్చింది. పెద్దామెను నేనేం అనేది?"

నేను కదల్లేదు. ఆమె ఆకు బుట్ట ఒళ్లోకి లాక్కుని గడప అవతల కూలబడింది.

"సరే సామీ, సెప్తాండా. ఈ ఆకు గట్టు పక్కన సాలుది. నిన్న మాపటేళ పక్క శేనోళ్లు టమాటాకు మందు కొట్టినారు. గాలి మా తట్టే వచ్చింది. కడిగినా సార్, మూడుసార్లు కడిగినా. పురుగు ఆకలి మీద ఉండాది, నేను ఇంగ యాడనుంచి తెచ్చేది?"

డ్రైవరు ఇక ఆగలేదు. అధికారి చూస్తుండగానే పొట్లం విప్పి నా కాలి ముందు గీత గీశాడు. దాటాను. దాటాక చేసిన పని మాత్రం నాదే. పది పురుగులను వేరే తట్టలో పెట్టి, ఆ బుట్టలోవి రెండు ఆకులు మాత్రమే వేసి, మిగతావాటిని ఆకలితోనే ఉంచమన్నాను. నిలబడి కాచుకున్నాం. గంట లోపల ఆ పదీ తలలు ఎత్తి, పచ్చటి నీళ్లు కక్కి, మెలికలు తిరిగాయి. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. బుట్టలో ఆకు మొత్తం గుంట తీసి పూడ్చాం. డ్రైవరు పై ఊరి తోట నుంచి జీపు నిండా మంచి ఆకు తెచ్చాడు. పంట దక్కింది.

"గుమ్మం బయటి నుంచే ఎలా కనిపెట్టారండీ?" అన్నాడు అధికారి. అతని ముఖంలో నిజమైన గౌరవం.

నేను నోరు తెరిచాను. గొంతు పెగలడానికి పట్టే సమయంలో డ్రైవరు దూరాడు.

"వాసన సార్! ఈయప్ప ముక్కు అట్లాంటిది. తోట అవతల మందు కొడితే ఈడ పసిగడతాడు."

నిజం ఏమిటంటే, ఈ జబ్బు బొటనవేలు జోలికి రాకముందే నా వాసన శక్తిని ఎత్తుకుపోయింది. ఇంట్లో పాలు మాడి, గిన్నె నల్లబడి, వీధిలోవాళ్లు పరుగెత్తి వస్తే, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న వాణ్ణి నేను. మా ఇంటావిడ దగ్గర ఆ గిన్నె ఇంకా సాక్ష్యంగా ఉంది.

ఆ రోజు రైతు ఇంటి తనిఖీ పుస్తకంలో నిజమే రాశాను: 'కాళ్లు ఆగిపోవుటచే గడప వద్ద నిలిచితిని. నేనేమియు కనిపెట్టలేదు. రైతు తానే చెప్పెను. నాకు వాసన తెలియదు.' నాలుగు వాక్యాలు, చీమల బారు. అధికారి పుస్తకాన్ని కంటికి దగ్గరగా పెట్టి, దూరంగా పెట్టి చూశాడు.

"చదివారా?" అన్నాను.

"మీరు రాస్తే సరిగ్గానే ఉంటుంది లెండి" అని కింద సంతకం పెట్టాడు.

పెద్దగా చదవమని డాక్టరమ్మ చెప్పిన ఆజ్ఞను నేను ఉల్లంఘించింది ఆ ఒక్కసారే. ఎందుకు ఉల్లంఘించానో నాకు తెలుసు. కుప్పం కుర్చీ కళ్ల ముందు కనిపించింది.

ప్రతిపాదన రద్దయింది. కానీ జూన్ నెలలో ఒక సర్క్యులర్ వచ్చింది: మేత వేసే ముందు ఆకును వాసన చూసి మందు ఉన్నదీ లేనిదీ నిర్ధారించుకోవలెను, ఈ విషయమై కొత్త సిబ్బందికి నేను కుప్పంలో శిక్షణ ఇవ్వవలెను. వెళ్లాను. వాసన గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పది పురుగులకు ముందు మేపి చూడమని మూడుసార్లు చెప్పాను. అయితే వాళ్ల చేతుల్లో ఉన్న అచ్చు కాగితం వాసన చూడమంటోంది. అది తప్పని నేను అనలేదు. పాఠం అయ్యాక ఒకమ్మాయి నా ముక్కు ఫోటో తీసుకుంటానంటే కూడా నిలబడ్డాను.

రెండు నెలల తర్వాత, కుప్పం దగ్గర ఒక రైతు షెడ్డులో కొత్త ఉద్యోగి ఒకడు ఆకు వాసన చూసి, బాగుందని చెప్పాడు. వాసన రాని మందులూ ఉంటాయి. సాయంత్రానికి సగం షెడ్డు చచ్చిపోయింది.

నాకు తెలిసిన మర్నాడే సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, ఆ రైతు ఇంటికి వెళ్లాను. డ్రైవరు లేడు, సున్నం లేదు. ఆ షెడ్డు వాకిలి ముందు నా కాళ్లు ఆగిపోయాయి. రైతు లోపల చేటతో చచ్చిన పురుగులు ఎత్తుతున్నాడు. నాకంటే పెద్దవాడు. నా పేరూ నా ఖ్యాతీ అతనికి తెలుసు.

"ఏం సార్, నిలబడితివి? ఈసారి మా తప్పు ఏమీ లేదు. ఎంత సేపు సూసినా అంతే."

"మీది కాదప్పా" అన్నాను. గొంతు సన్నగా వచ్చింది. మిద్దె మీద చదివేటప్పటిలాగా ఊపిరి పీల్చి మళ్లీ చెప్పాను. "తప్పు నాది. నాకు వాసన తెలవదు. ఏండ్లయింది. ఆ కాగితం అబద్ధం."

అతను చేట కింద పెట్టాడు. "ముక్కు లేనోడు ముక్కు పాఠం పెట్టినాడా!"

"పాఠంలో చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు."

"యాల చెప్పలేదు?"

"నన్ను కుర్చీలో కూసోబెడతారని."

అతను చాలాసేపు తిట్టాడు. అవి ఇక్కడ రాయను, నోటు పుస్తకంలో ఉన్నాయి. నలభై రెండో నంబరు కింద రాశాను, ఒప్పుకున్నవాడి గడిలో నా పేరు పెట్టి. తిట్టడం అయ్యాక "లోపలికి రా" అన్నాడు.

"రాలేను. కాళ్లు ఆగిపోయినాయి. నా ముందర ఏదన్నా అడ్డం పెట్టు."

అతను నన్ను ఎగాదిగా చూసి, ఆకు దూసేసిన మల్బరీ పుల్ల ఒకటి తెచ్చి నా కాలి ముందు పడేశాడు. దాటాను. మధ్యాహ్నం దాకా అతనితో పాటు తట్టలు కడిగాను, చచ్చినవి పూడ్చాను. చివర నేల మీద సున్నం చల్లే పని వచ్చింది. ఎడమచేత్తో పట్టుకున్నాను. వణుకు దాని పని అది చేసింది. పొడి ముగ్గుపిండిలా సమంగా రాలింది.

"సల్లేదానికి నీ సెయ్యే సరి సార్" అన్నాడతను, నవ్వకుండానే. "జల్లెడ ఆడించినట్టు ఉండాది. వచ్చే పంటకు కూడా రా."

వెళ్లాను. ఆ తర్వాతి మూడు పంటలకూ వెళ్లాను. ఆఫీసు నన్ను ఫీల్డు నుంచి తప్పించలేదు, చివరి రోజు వరకూ నా కాళ్ల మీద నేనే తిరిగాను. పిల్లలూ, అందుకు నేను ఒకరి పంట ఖర్చు పెట్టాను. ఈ జబ్బుతో తిరగడం సాధ్యమే; మీలో ఎవరికైనా రేపు ఏదో ఒక జబ్బు వస్తే తిరగండి, కూర్చోకండి. కానీ తిరగడానికి దొంగ కారణం చూపకండి. కాళ్లు ఆగిపోతాయని మొదటి రోజే బిగ్గరగా చెప్పి, అయినా పంపండని అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు ఎప్పటికీ తెలియదు.

అధికారి గారికి వాస్తవాలన్నీ రాసి మూడు ఉత్తరాలు పంపాను. మొదటిదానికి ఫోను చేసి "వదిలేయండి సార్, రిటైర్మెంటు దగ్గర పడింది" అన్నారు. రెండోదానికి ఏమీ లేదు. మూడోదానికి వీడ్కోలు సభలో శాలువా కప్పి, నా ముక్కును గురించి పది నిమిషాలు మాట్లాడారు. సర్క్యులర్ నేటికీ అమల్లో ఉంది.

కాబట్టి ఈ రచన ద్వారా సదరు అధికారి గారిని నేను కోరునది ఏమనగా: ఒకటి, వాసన చూడమన్న వాక్యాన్ని రద్దు చేసి, ముందుగా పది పురుగులకు మేపి గంటసేపు వేచి చూడవలెనని మార్చాలి. రెండు, ఆ రోజు పంటను కాపాడింది ఆ ఇల్లాలి నిజాయితీ అని రికార్డులో చేర్చాలి. మూడు, వాకిలి దగ్గర కాళ్లు ఆగిపోయే మనిషి ఫీల్డు పనికి అర్హుడా కాడా, ఏ నిబంధన ప్రకారమో స్పష్టంగా తెలపాలి. నాకు ఇక ఉద్యోగం లేదు. నా తర్వాత ఆగిపోయేవాడికి ఆ జవాబు అవసరం.

జవాబు ముప్పై రోజుల్లోగా, లిఖితపూర్వకంగా, సంతకంతో రావాలి. ఫోను చెల్లదు. శాలువా చెల్లదు. మనిషి చేత పంపదలిస్తే ఉదయం పది లోపల పంపవద్దని మనవి. ఆ వేళ నేను ఇంట్లో కూర్చుని ఉండను.